బండ మీద పాదం ఎందుకు నిలుస్తుంది?

అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, నడుమ నడిగడ్డ. ఇటిక్యాల చుట్టుపక్కల ఊళ్లలో పెరిగినవాళ్లకు నేలంటే చదునుగా పరుచుకున్న చేలే. బీచుపల్లి వంతెన దాటి ఉత్తరంగా పోతే మాత్రం నేల తీరు మారుతుంది. పెబ్బేరు, కొత్తకోట దాటేసరికి చేల మధ్య గుండ్లు లేస్తాయి, గుట్టలు కనిపిస్తాయి. వనపర్తి జిల్లా ఖిల్లా ఘనపురం చేరితే ఊరిని ఆనుకునే కొండలు, వాటి మీద 13వ శతాబ్దం నాటి గోన వంశీకుల కోట. పైదాకా పోవాలంటే కాళ్లు మాత్రమే సరిపోవు. అక్కడక్కడ చేతులు కూడా బండకు ఆనించాల్సిందే.

అలాంటి గుట్ట ఏదైనా సరే, సెలవు రోజున కింద నిలబడి ఎక్కేవాళ్లను గమనించండి. పట్నం నుంచి వచ్చిన కుర్రాడి కాళ్లకు ఖరీదైన బూట్లుంటాయి. వాలు బండ రాగానే వంగిపోతాడు. రెండు అరచేతులూ బండకు అదిమి, పొట్ట దాదాపు రాయికి తాకేలా పాకుతాడు. నాలుగడుగులు వేసేలోపే కాలు జర్రున జారుతుంది. అదే బండ మీద మేకల కాపరి, చేతిలో కర్ర, అరిగిపోయిన రబ్బరు చెప్పులతో నిటారుగా నడిచిపోతుంటాడు. మధ్యలో ఆగి వెనక్కి తిరిగి మేకలను అదిలిస్తాడు కూడా.

అలవాటు అని ఒక్క మాటలో తేల్చేస్తాం. కానీ ఆ అలవాటు అతని ఒంటికి నేర్పిందేమిటి? పట్నం కుర్రాడు తనను తాను కాపాడుకోవడానికి చేసే పనే అతన్ని ఎందుకు జారుస్తోంది? దీనికి జవాబు తెలిస్తే గుట్ట ఎక్కడంలోని సగం శాస్త్రం తెలిసినట్టే.

బరువు రెండుగా చీలుతుంది

చదును నేల మీద నిలబడితే మన బరువంతా పాదాన్ని నేలకు అదుముతుంది. వాలు మీద ఆ బరువు రెండు పనులు చేస్తుంది. కొంత భాగం పాదాన్ని బండకేసి అదుముతుంది. మిగతా భాగం వాలు వెంట కిందికి లాగుతుంది. అదుమే భాగం వల్లే పట్టు పుడుతుంది, లాగే భాగం ఆ పట్టును తెంపాలని చూస్తుంది. వాలు పెరిగేకొద్దీ అదుము తగ్గుతుంది, లాగుడు పెరుగుతుంది. 45 డిగ్రీల దగ్గర రెండూ సమానం. మంచి రబ్బరు అడుగు, పొడిగా గరుకుగా ఉన్న బండ అయితే 35, 40 డిగ్రీల వాలు మీద కూడా చేతులు ఆనించకుండా నిలబడొచ్చు. మన ఇళ్లలోని మెట్ల వరుస వాలు కూడా ఇంచుమించు 30 నుంచి 35 డిగ్రీలే. అంటే మెట్లు చెక్కని మెట్ల దారంత వాలును ఒట్టి రాపిడితోనే ఎక్కగలం.

ఇప్పుడు పట్నం కుర్రాడి సంగతి. గోడకు నిచ్చెన వేసేవాళ్లందరికీ ఒక విషయం తెలుసు. నిచ్చెన నిటారుగా ఉన్నంతసేపు అడుగు కదలదు. కాళ్లను గోడకు దూరంగా లాగి, బాగా ఏటవాలుగా వాల్చి ఎక్కితే అడుగు సర్రున జారుతుంది. వాలిన నిచ్చెన గోడను నెడుతుంది, గోడ తిరిగి నిచ్చెనను నెడుతుంది, ఆ నెట్టుడంతా కింద కాళ్ల దగ్గర తేలుతుంది. వాలు బండ మీద వంగి చేతులు ఆనించిన మనిషి కూడా అలా వాలిన నిచ్చెనే. అరచేతులు బండను అదిమిన మేరకు పాదాల మీది అదుము తగ్గిపోతుంది. కిందికి లాగే భాగం మాత్రం రవ్వంత కూడా తగ్గదు. పట్టు తక్కువైన పాదాలే ఆ లాగుడంతా మోయాలి. చెమట పట్టిన అరచేయి బూటు అడుగులా బండను పట్టుకోలేదు కాబట్టి అక్కడినుంచి అందే సాయం తక్కువ.

దీనికి తోడు, ముందుకు వంగినప్పుడు మడమ పైకి లేస్తుంది. బూటు అడుగులో మూడొంతులు గాలిలో, వేళ్ల దగ్గరి కొద్ది భాగమే రాయి మీద. మేకల కాపరి మడమ దించి నడుస్తాడు. అతని తల, నడుము, పాదం ఒకే నిలువు గీత మీద ఉంటాయి. బరువు సూటిగా పాదంలోకి దిగుతుంది. పైగా నిటారుగా ఉన్నవాడికి తర్వాతి అడుగు ఎక్కడ వేయాలో కనిపిస్తుంది, పాకేవాడికి కళ్లముందు రాయి తప్ప మరేమీ కనిపించదు.

భయపడ్డ ఒళ్లు నేలకు దగ్గరగా పోవాలనుకుంటుంది. చదును నేల మీద అది సరైన తెలివే. వాలు బండ మీద అదే ముంచుతుంది. అయితే ఈ సూత్రం ఒట్టి రాపిడి మీద నడిచే వాలుకే. వాలు మరీ నిలువై, చేతికి నిజమైన పట్టు దొరికే చోట మాత్రం నడుమును రాయికి దగ్గరగా ఉంచాలి. లేకపోతే బరువంతా వేళ్ల మీద వేలాడుతుంది.

ఇంట్లోనే చేసి చూడండి

ఒక చెక్కపలక మీద రబ్బరు చెప్పు పెట్టండి. పలక ఒక కొసను నెమ్మదిగా లేపుతూ పోండి. చెప్పు జారిన ఎత్తు దగ్గర గోడ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఇప్పుడు చెప్పు మీద కిలో రాయి కట్టి మళ్లీ లేపండి. ఇంచుమించు అదే గుర్తు దగ్గర జారుతుంది. బరువు పెరిగితే లాగుడు పెరిగింది, అదుము కూడా అంతే పెరిగింది. అందుకే ఒకే రకం చెప్పులు వేసుకున్న లావాటి మనిషి, బక్కపలచని మనిషి దాదాపు ఒకే వాలు దగ్గర జారతారు. మూడోసారి పలక మీద గుప్పెడు ఇసుక చల్లి చూడండి. గుర్తు చాలా కిందికి వస్తుంది. రేణువులు చెప్పుకూ చెక్కకూ మధ్య దొర్లిపోవడమే కారణం. శుభ్రమైన బండ మీద గట్టిగా నిలిచిన అడుగు, దాని పక్కనే మొరం రాలి ఉన్న చోట ఎందుకు జారుతుందో ఈ ఇసుక చెబుతుంది.

గరుకు ఎక్కడినుంచి వచ్చింది

పాలమూరు గుట్టల గ్రానైటు ఎక్కువ భాగం సుమారు 250 కోట్ల ఏళ్ల కిందటిది. నేల లోపల కిలోమీటర్ల లోతున కరిగిన రాయి నెమ్మదిగా చల్లారి గట్టిపడింది. నెమ్మదిగా చల్లారింది కాబట్టే అందులో కంటికి కనిపించేంత పెద్ద పలుకులు ఏర్పడ్డాయి. పగిలిన ముక్కను ఎండలో తిప్పి చూడండి. గాజులా కనిపించేది పలుగురాయి. గులాబీ, తెలుపు రంగుల్లో చదును ముఖాలతో మెరిసేది ఫెల్డ్‌స్పార్. నల్లగా తళుక్కుమనే పొరలు అభ్రకం.

ఈ మూడింటికీ వానను తట్టుకునే శక్తి ఒకేలా లేదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసిన వాననీరు కొద్దిగా పులుపెక్కుతుంది. అది ఫెల్డ్‌స్పార్‌ను వేల ఏళ్ల మీద మెల్లగా బంకమట్టిగా మారుస్తుంది. పలుగురాయిని మాత్రం ఏమీ చేయలేదు. మెత్తబడ్డ గింజ కొట్టుకుపోతే పక్కనున్న గట్టి గింజ పైకి పొడుచుకుని నిలబడుతుంది. బండ మీద అరచేత్తో రాస్తే గీసుకుపోయే ఆ గరుకు ఇదే. రాయి నుంచి ఊడి కిందికి దిగిన గింజలే మనం రోడ్ల మీద పోసుకునే మొరం.

రబ్బరు ఈ గరుకును వాడుకునే తీరు చెప్పుకోదగ్గది. రెండు ఇనుప ముక్కల మధ్య రాపిడి వేరు, రబ్బరు రాపిడి వేరు. బరువు పడగానే రబ్బరు ఆ పొడుచుకొచ్చిన గింజల చుట్టూ అణిగి, సందుల్లోకి దిగుతుంది. జారబోయినప్పుడు ప్రతి గింజ దగ్గరా అది నలిగి, మళ్లీ సాగాలి. ఆ నలుగుడుకు శక్తి ఖర్చవుతుంది, అదే పట్టు. రాయికి రబ్బరు ఎంత మేర తగిలితే పట్టు అంత ఎక్కువ. మడమ దించమనేది ఇందుకే. బండలెక్కడానికి చేసే బూట్ల అడుగు మెత్తగా, గీతలు లేకుండా నున్నగా ఉండేది కూడా ఇందుకే. బురదలో పనికొచ్చే లోతైన గాళ్లు పొడి బండ మీద తగిలే భాగాన్ని తగ్గిస్తాయి.

మన గుట్టల మీద పై నుంచి కిందికి నల్లటి చారలుంటాయి. వాన నీళ్లు ఏటా పారే దారులవి. ఆ నలుపులో చాలా భాగం రాయి మీద బతికే సూక్ష్మజీవులు, నాచు, పాచి. ఎండాకాలంలో అవి ఎండి, బండతో కలిసిపోయి ఏ ప్రమాదమూ లేనట్టుంటాయి. ఒక్క జల్లు పడితే ఉబ్బి జారుడుగా మారతాయి. వాన మొదలైన పది నిమిషాల్లో బండ పట్టు మారిపోతుంది. ఎక్కేటప్పుడు సులువుగా దాటిన చారే దిగేటప్పుడు మీదికి రానివ్వదు. మబ్బు పట్టిన రోజున వాలు బండల మీదికి పోకపోవడమే మేలు.

గుట్ట మీద గమనించాల్సిన మరో సంగతి, పెచ్చులు. కిలోమీటర్ల మందం రాయి కింద నొక్కుకుపోయి పుట్టిన గ్రానైటు, పైనున్నదంతా కోట్ల ఏళ్లలో కోసుకుపోయాక ఆ బరువు నుంచి బయటపడింది. బరువు తొలగగానే పైకి ఉబ్బబోయి, పైముఖానికి సమాంతరంగా పొరలు పొరలుగా చీలింది. గుట్టలు గుండ్రంగా, బోడిగా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. అలా లేచిన పెచ్చును పిడికిలితో తట్టితే డొల్ల మోత వస్తుంది. గట్టి బండ మోగదు. అమెరికాలోని యోసెమిటీ లోయలో బ్రయాన్ కాలిన్స్, గ్రెగ్ స్టాక్ అనే భూవిజ్ఞానులు ఇలాంటి ఒక పెచ్చు వెనక కొలిచే పరికరాలు అమర్చారు. పగటి ఎండకు పెచ్చు రాయి నుంచి పక్కకు జరిగి, రాత్రి చలికి మళ్లీ దగ్గరకు వస్తోందని తేలింది. ఆ రోజువారీ కదలికకే చీలిక కొస కొద్దికొద్దిగా ముందుకు పాకుతుంది. 2016లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. వానా భూకంపమూ లేని మండుటెండలో కూడా రాళ్లెందుకు ఊడిపడతాయో అప్పుడు అర్థమైంది. ఏప్రిల్, మే నెలల్లో కాగిపోయే మన బండలకు ఈ సంగతి వర్తించకుండా ఎలా ఉంటుంది? డొల్ల మోత వచ్చే పెచ్చును పట్టుకుని వేలాడకూడదు.

చెమట పట్టిన అరచేయి

ఎండకు ఒళ్లంతా చెమట పడుతుంది. భయానికి మాత్రం ముందుగా అరచేతులు, అరికాళ్లు తడుస్తాయి. చెట్లెక్కి బతికిన పూర్వీకుల నుంచి మనకు దక్కిన ఏర్పాటు ఇదని శాస్త్రవేత్తలు అనుకుంటారు. పొడి చర్మం బిరుసుగా ఉండి రాయికి అక్కడక్కడే తగులుతుంది. కొద్ది తడి దాన్ని మెత్తబరిచి, ఎక్కువ మేర తగిలేలా చేస్తుంది. పార పట్టేముందు కూలీలు అరచేతుల్లో ఉమ్మి రుద్దుకోవడం ఈ లెక్క మీదే నడుస్తుంది. తడి మితిమీరితే చర్మానికీ రాయికీ మధ్య నీటి పొర నిలిచి పట్టు పోతుంది. బండలెక్కేవాళ్లు నడుముకు సుద్దపొడి సంచి కట్టుకునేది ఆ మిగులు తడిని పీల్చడానికే.

భయంలో మనం చేసే మరో తప్పు, అందిన అంచును ప్రాణం పెట్టి బిగించడం. ముంజేతి కండరాలు చిన్నవి. పూర్తిగా బిగిస్తే వాటి లోపలి రక్తనాళాలే నొక్కుకుపోతాయి. రక్తం అందని కండరం నిమిషంలోపే మొద్దుబారుతుంది, వేళ్లు వాటంతటవే విచ్చుకుంటాయి. తొడ కండరాలు ఒంట్లోకెల్లా పెద్దవి, గంటలకొద్దీ పనిచేయగలవు. అందుకే ఎక్కించే పని కాళ్లది, నిలబెట్టే పని చేతులది. చేతులు వాడాల్సిన చోట రెండు చేతులు, రెండు కాళ్లలో ఎప్పుడూ మూడు రాయి మీదుండాలి, ఒక్కటే కదలాలి. నిచ్చెన ఎక్కే మేస్త్రీకి ఎవరూ చెప్పకుండానే తెలిసిన నియమమిది.

భువనగిరి బండ నుంచి ఎవరెస్టు దాకా

ఇవన్నీ ఒంటికి పట్టించడానికి తెలంగాణలో పేరున్న చోటు భువనగిరి. 500 అడుగులకు మించిన ఏకశిల, దాని మీద పశ్చిమ చాళుక్యుల త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో నిలిచిన కోట. అక్కడి రాక్ క్లైంబింగ్ స్కూలుకు సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు వందమందికి పైగా వచ్చారు. వాళ్లను పంపింది అప్పటి గురుకులాల కార్యదర్శి, ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్. ఆయన పుట్టింది నడిగడ్డలోని అలంపూర్‌లోనే. శిక్షకుడు శేఖర్‌బాబు బాచినేపల్లి. ఆ పిల్లల్లోంచి కొందరు డార్జిలింగ్‌లోని పర్వతారోహణ సంస్థకు, తర్వాత లడఖ్ చలికి వెళ్లారు. చివరికి ఇద్దరు మిగిలారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్ కుమార్. 2014 మే 25న ఇద్దరూ టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు శిఖరం చేరారు. పూర్ణ వయసు అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు. కూలిపని చేసుకునే ఇంటి బిడ్డ.

భువనగిరి బండ ఆ పిల్లలకు పాదాల మీద నిలబడడం నేర్పింది. ఊపిరి సంగతి మాత్రం అది నేర్పలేదు, నేర్పగలిగేదీ కాదు. ఎందుకంటే మన గుట్టల మీద గాలి కొరతే లేదు.

గుట్ట సగం ఎక్కాక ఆయాసం వస్తే 'పైకొచ్చాం కదా, గాలి తక్కువ' అంటుంటారు. గద్వాల ప్రాంతం సముద్రమట్టానికి 300 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. అక్కడి గాలి ఒత్తిడి సముద్రతీరంతో పోలిస్తే నూటికి నాలుగు వంతులే తక్కువ. నల్లమలలో అమ్రాబాద్ పీఠభూమి ఎత్తైన చోట్ల కూడా తగ్గేది సుమారు పదో వంతు. మన ఆయాసానికి కారణం వేరు. 60 కిలోల మనిషి 200 మీటర్ల గుట్ట ఎక్కితే, ఆ బరువును పైకి లేపడానికి పట్టే పని దాదాపు 28 కిలో కేలరీలే. కానీ కండరం తాను తీసుకున్న శక్తిలో సుమారు పావు వంతునే పనిగా మార్చగలదు. మిగిలిన ముప్పావు వేడిగా పోతుంది. కాబట్టి ఖర్చు 110 కిలో కేలరీల పైమాటే, అదీ కొద్దిసేపట్లోనే. తొడలు అడిగే ఆక్సిజన్ ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగేసరికి గుండె, ఊపిరితిత్తులు వెంటపడి పరుగెత్తాలి. మొదటి పది నిమిషాలు కావాలనే నెమ్మదిగా ఎక్కినవాడికి ఆ అడుగుడు, అందుడు జతకలుస్తాయి.

ఆ ముప్పావు వేడే మన దగ్గర అసలు ప్రమాదం. మండుటెండలో దాన్ని బయటికి పంపే ముఖ్యమైన దారి చెమట ఆరడమే. చెమట కారితే లాభం లేదు, ఆరాలి. ఎండకు కాగిన బండ కింది నుంచి కూడా వేడి కొడుతుంటే, గాలి కదలని ఇరుకు లోయలో ఆరుడు మందగిస్తుంది. తల తిరగడం, మాట తడబడడం, చలి పుట్టినట్టు అనిపించడం కనిపిస్తే ఆ మనిషిని అక్కడే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు చల్లి విసరాలి. పైకి పోదాం, అక్కడ గాలి తగులుతుందనుకోకూడదు.

ఎవరెస్టు మీద లెక్క పూర్తిగా వేరు. 8,848.86 మీటర్ల ఆ శిఖరం మీద గాలిలో ఆక్సిజన్ పాలు ఇక్కడున్నట్టే ఐదో వంతు. తగ్గేది ఒత్తిడి. 1981లో అమెరికా వైద్య పరిశోధకుల బృందం వెళ్లినప్పుడు క్రిస్టఫర్ పిజ్జో అనే వైద్యుడు శిఖరం మీద నిలబడి ఒత్తిడి కొలిచాడు. 253 మిల్లీమీటర్ల పాదరసం. సముద్రమట్టం దగ్గర అది 760. అంటే ఒక్కో ఊపిరికి లోపలికి వెళ్లే ఆక్సిజన్ మూడో వంతు మాత్రమే. గద్వాలలో ఉన్న మనిషిని ఉన్నపళాన అక్కడ దించితే నిమిషాల్లో స్పృహ తప్పుతుంది.

మరి వారాలు గడిపినవాళ్లు ఎలా నిలుస్తారు? ముందు ఊపిరి వేగం పెరుగుతుంది. దాంతో రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి, రక్తం క్షారగుణం వైపు మొగ్గుతుంది. ఇది గమనించిన మెదడు ఊపిరికి కళ్లెం వేస్తుంది. తొలి రాత్రుల్లో కొత్తవాళ్లు ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేవడం ఈ లాగులాటే. తర్వాతి రోజుల్లో మూత్రపిండాలు అదనపు క్షారాన్ని మూత్రంలో పంపేసి సర్దుతాయి. కళ్లెం వదులవుతుంది. ఎర్ర రక్తకణాలు పెరగడానికి వారాలు పడుతుంది. వీటిలో ఏదీ పట్టుదలతో తొందరపడదు. అందుకే 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దంటారు. పగలు పైకెక్కి, రాత్రి కిందికి దిగి నిద్రపోతారు. హిమాలయాలకు పోయే మన కుర్రాళ్లలో కండబలం ఉన్నవాళ్లే తరచుగా జబ్బుపడడం చూస్తుంటాం. ఒంటి సర్దుబాటు కన్నా వాళ్ల కాళ్లు ముందు నడుస్తాయి మరి. తలనొప్పి, వాంతులు మొదలైతే అక్కడే ఆగాలి, ముదిరితే దిగాలి. దిగడాన్ని మించిన మందు లేదు.

నల్లమల మెట్లు

నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలకు వస్తే కాలికింద రాయి మారుతుంది. గ్రానైటు మీద పొరలు పొరలుగా పరుచుకున్న క్వార్ట్‌జైట్ ఇది. ఒకప్పటి ఇసుక, రాయై, వేడికి ఒత్తిడికి గింజకు గింజ అతుక్కుని ఇంత గట్టిదైంది. గ్రానైటులా గుండ్రంగా అరగదు. పొరల వెంట, నిలువు చీలికల వెంట పలకలుగా, మెట్లుగా, కత్తి అంచులుగా విరుగుతుంది. ఇక్కడ వాలు మీద నడిచే ఒడుపు కన్నా అంచులను పరీక్షించే ఒడుపు ఎక్కువ కావాలి. చేయి వేసే ముందు తట్టి చూడాలి. అంచును కిందికి నొక్కొచ్చు గానీ బయటికి లాగకూడదు. లాగితే పలక సొరుగులోంచి వచ్చినట్టు చేతికి వస్తుంది.

ఈ రాతి గోడలను మనలో అందరికన్నా బాగా ఎరిగినవాళ్లు చెంచులు. లోయ అంచు నుంచి తాడు మీద వేలాడుతూ కొండతేనె తీస్తారు. పైన తాడును కాచేది ఆ మనిషి బావమరిది. తాడు తెగితే తన తోబుట్టువు తాళి తెగుతుంది కాబట్టి ఆ కాపలా అతనికే అప్పగిస్తారు. పర్వతారోహకులు తాడు పట్టేవాడిని ఎంచుకునే జాగ్రత్త చెంచు బంధుత్వంలోనే ఉంది. దీన్ని మించిన భద్రతా నియమం నాకెక్కడా కనిపించలేదు.

చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు వెళ్లేవాళ్లు ఈ రాయి మీదే నడుస్తారు. 'వస్తున్నాం లింగమయ్యా' అని కేకలు వేస్తూ, ఒక పక్క రాతి గోడ, మరో పక్క లోయ ఉన్న ఇరుకు దారుల్లో దిగి జలపాతం దగ్గరి గుహకు చేరతారు. మిగతా గుట్టలను ఎక్కి దిగితే, ఇక్కడ దిగి ఎక్కాలి. ఏటా లక్షల పాదాలు తగిలి కొన్ని అంచులు నునుపెక్కాయి. నీటి తడి ఉన్న చోట అవి మరీ ప్రమాదం.

నొప్పి దిగినందుకే

సలేశ్వరం నుంచి ఇంటికొచ్చాక మర్నాడు తొడలు పట్టేస్తాయి. రెండో రోజుకు మెట్లు దిగడం గగనమవుతుంది. అంత ఎక్కాం కదా అని కొండను తిట్టుకుంటాం. నిజానికి ఆ నొప్పిలో ఎక్కువ పాలు ఎక్కినందుకు కాదు, దిగినందుకు.

ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుంచించుకుంటూ ఒంటిని పైకి లేపుతుంది. దిగేటప్పుడు అదే కండరం బిగిసి ఉంటూనే సాగాలి. మోకాలు వంగుతుంటే, ఒళ్లు ఒక్కసారిగా కూలకుండా కండరం బ్రేకు వేస్తుంది. ఒకవైపు బిగుసుకోవాలి, మరోవైపు సాగాలి. ఆ పెనుగులాటలో కండరపు పోగుల లోపల అతి సన్నని చిరుగులు ఏర్పడతాయి. శరీరం వాటిని బాగుచేయడానికి పూనుకుంటుంది, వాపు వస్తుంది, నరాలు సున్నితమవుతాయి. దీనికంతటికీ టైం పడుతుంది కాబట్టే నొప్పి ఆలస్యంగా మొదలై 24 నుంచి 72 గంటల మధ్య ఉచ్చస్థాయికి చేరుతుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందనే మాట పాతది. అది గంటసేపట్లో రక్తంలోంచి సర్దుకుపోతుంది, రెండు రోజులు ఆగి పొడవదు.

దిగేటప్పుడు ఆయాసం ఉండదు. ఖర్చయ్యే శక్తి ఎక్కేటప్పటి కన్నా చాలా తక్కువ. అందుకే పని అయిపోయిందనిపిస్తుంది, వేగం పెరుగుతుంది. కానీ అలిసిన తొడ బ్రేకు సగమే పడుతుంది. పాదం పెట్టే చోటు పొట్ట చాటున కనిపించదు. వెనక్కి వాలడం మొదలవుతుంది. ఎక్కేటప్పుడు ముందుకు వంగేవాడు దిగేటప్పుడు భయానికి వెనక్కి ఒరుగుతాడు, బరువు మడమల మీదికి పోతుంది, కాళ్లు ముందుకు జారి కూలబడతాడు. కొండల్లో పడేవాళ్లు ఎక్కువగా దిగేటప్పుడే పడతారు. మోకాళ్లు కొద్దిగా వంచి, చిన్న చిన్న అడుగులతో, ముక్కు పాదం మీదికి వచ్చేలా దిగాలి. నిలువుగా ఉన్నచోట నిచ్చెన దిగినట్టు రాయివైపు తిరిగి దిగాలి. చేతికర్ర ఉంటే మోకాళ్ల మీది బరువులో కొంత అది తీసుకుంటుంది.

ఈ నొప్పికి ఒక మంచి గుణం కూడా ఉంది. ఒకసారి దిగి నొప్పిపడ్డ కండరం, బాగుపడ్డాక, మళ్లీ అదే పని చేస్తే చాలా తక్కువ నొస్తుంది. ఆ రక్షణ వారాలపాటు నిలుస్తుంది. మేకల కాపరికి తొడలు పట్టేయకపోవడం ఇందుకే. చదును నేల మనుషులు రోజూ ఎంత నడిచినా ఈ రక్షణ రాదు, నడకలో ఈ బ్రేకు పని తక్కువ. పొలం పని చేసి రాటుదేలిన కాళ్లు కూడా సలేశ్వరం లోయలో వణకడానికి కారణమిదే. జాతరకు రెండు వారాల ముందు ఏదైనా గుట్టను ఒకసారి ఎక్కి, తొందరపడకుండా దిగి రావాలి. గుట్ట దగ్గర్లో లేకపోతే బడి మేడ మెట్లైనా చాలు. పదిసార్లు ఎక్కడం ముఖ్యం కాదు, పదిసార్లు నెమ్మదిగా దిగడం ముఖ్యం. మర్నాడు కాస్త నొస్తుంది. ఆ నొప్పి రెండు మూడు రోజుల్లో తగ్గి, జాతర నాటికి తొడలు సిద్ధంగా ఉంటాయి.